ఎత్తు ఎక్కలేని పాత మోటర్‌హోమ్: ఇంజన్ మార్చాలా, పొగ గొట్టం మార్చాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. ఈమధ్యే 1976 నాటి 26 అడుగుల జీఎంసీ మోటర్‌హోమ్ కొన్నాం. ఇంజన్ బండితో వచ్చిన ఓల్డ్స్‌మొబీల్ 455. చదును రోడ్డు మీద బాగానే నడుస్తోంది. గ్రేప్‌వైన్ కనుమ లాంటి ఎత్తు వస్తే మాత్రం వేగం 40 మైళ్ళకు పడిపోతుంది, టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది. పైన ఆపి మళ్ళీ స్టార్ట్ చేయబోతే పది పదిహేను నిమిషాలు అందుకోదు. చల్లగా ఉన్నప్పుడు కుడివైపు నుంచి టక్‌టక్ శబ్దం, వేడెక్కాక తగ్గుతుంది. ఒక మెకానిక్ హెడర్లు (ఒక్కో సిలిండర్‌కు విడిగా ఉండే పొగ గొట్టాలు), రెండు 3 అంగుళాల పైపులు, పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు), ఎత్తయిన ఇంటేక్ (ఇంజన్‌లోకి గాలి పంపే భాగం) వేయమంటున్నారు. ఇంకొకరు ఈ ఇంజన్ తీసేసి జీఎం కొత్త తరం వీ8 ఇంజన్ ఎల్ఎస్ పెట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఇప్పటికైతే ఇద్దరి మాటా వద్దు. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే, మీ ఇంజన్‌కు బలం చాలకపోవడం కంటే, అందులో పుట్టే వేడికి బయటికి దారి సరిగ్గా లేదన్న అనుమానమే గట్టిగా కలుగుతోంది. ఆ దారి బాగుచేయకుండా బలం పెంచితే వేడి ఇంకా పెరుగుతుంది, డబ్బు పెట్టి మరీ అదే చోట ఆగిపోతారు.

ముందు ఒక లెక్క. నీళ్ళు, సామాను, మనుషులతో ఈ బండి 12,000 పౌండ్ల దాకా తూగుతుంది. అంత బరువును 6 శాతం ఎత్తు మీద గంటకు 45 మైళ్ళతో పైకి లాగడానికే, ఎదురుగాలినీ టైర్ల రాపిడినీ పక్కన పెట్టినా, చక్రాల దగ్గర 86 హార్స్‌పవర్ కావాలి. 60 మైళ్ళతో ఎక్కాలంటే అది 115 అవుతుంది. గాలి, టైర్లు, గేర్‌బాక్సు తినేది కూడా కలుపుకుంటే ఇంజన్ 45 దగ్గర సుమారు 150, 60 దగ్గర 200కు పైగా ఇవ్వాలి. ఇదే ఇంజన్ కారులో ఉన్నప్పుడు ఓవర్‌టేక్ చేసే పది సెకన్లు మాత్రమే ఇంత కష్టపడేది. మోటర్‌హోమ్‌లో పది నిమిషాలు ఏకధాటిగా పడాలి. పెట్రోలు శక్తిలో మూడో వంతు కూడా చక్రాలకు చేరదు. మిగిలిందంతా వేడిగా మారి రేడియేటర్‌లోంచి, పొగ గొట్టంలోంచి పోవాలి. కాబట్టి ఈ బండికి పొగ గొట్టం అంటే శబ్దం తగ్గించే గొట్టం ఒక్కటే కాదు, రేడియేటర్ అంత ముఖ్యమైన వేడి తూము.

పైసా ఖర్చు లేని మార్పు ఒకటుంది, అది డ్రైవింగ్‌లో. ఈ టీహెచ్425 గేర్‌బాక్సులో గేర్లు 2.48, 1.48, 1.00. క్రౌన్ (చక్రాలకు ముందుండే చివరి గేరు) 3.07. సుమారు 28.7 అంగుళాల టైర్లతో 40 మైళ్ళ దగ్గర మూడో గేరులో ఇంజన్ తిరిగేది నిమిషానికి 1,440 చుట్లే. అంత నెమ్మదిగా తిరుగుతూ యాక్సిలరేటర్ నేలకు తొక్కి ఉంటే ఇంజన్ మూలుగుతుంది, నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తుంది, దానికి తోడు ఫ్యానూ వాటర్ పంపూ నెమ్మదిగానే తిరుగుతాయి. వేడి ఎక్కువ పుట్టి, తక్కువ పోయే పరిస్థితి ఇది. 45-50కి పడకముందే చేత్తో రెండో గేరుకు దించండి. 45 దగ్గర 2,400 చుట్లు వస్తాయి, ఈ ఇంజన్‌కు హాయిగా ఉండే చోటు అది. చాలామంది చప్పుడు పెరిగిందని భయపడి దించరు. దించకపోవడమే ఇంజన్‌కు ఎక్కువ హాని.

పాన పట్టే ముందు

కొలతలు తీసుకోకుండా భాగాలు కొనొద్దు. ఇంజన్ వేడి మీద ఉండగా, ఎనిమిది ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ ఆపేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టి, ఒక్కో సిలిండర్‌కు ఐదారు చుట్లు తిప్పి కంప్రెషన్ చూడండి. అన్నిటికంటే తక్కువ అంకె, ఎక్కువ అంకెలో 70 శాతానికి తగ్గకూడదు, ఏ సిలిండరూ 100 పీఎస్‌ఐ కిందికి పోకూడదు. ఆయిల్ ప్రెషర్ బాగా వేడెక్కాక ప్రతి 1,000 చుట్లకు 10 పీఎస్‌ఐ చొప్పున ఉంటే అడుగు భాగం బాగున్నట్టే. ఈ రెండూ సరిగా లేకపోతే ఇక్కడే ఆగి ఓవర్‌హాల్ గురించి ఆలోచించాలి. అరిగిన ఇంజన్‌కు హెడర్లు బిగించడం వృథా.

తర్వాత క్రాంక్‌తో పాటు క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్. ఆ కాలపు ఓల్డ్స్ ఇంజన్లలో క్యామ్ గేరు పళ్ళకు నైలాన్ పూత ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది పెళుసై ముక్కలుగా రాలుతుంది. ముక్కలు సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోకి జారి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. చైన్ వదులైతే క్యామ్ వెనకబడి, పికప్ పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. పరీక్ష తేలిక: డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్‌ను పెద్ద పానతో ఒకవైపు తిప్పి, రోటర్ కదిలాక ఆపి, నెమ్మదిగా వెనక్కి తిప్పండి. రోటర్ మళ్ళీ కదిలేలోపు క్రాంక్ పది డిగ్రీలు దాటి తిరిగితే చైన్ మార్చాలి. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే పరీక్ష పాసైనా మార్చమనే మా సలహా. పూర్తి ఉక్కు డబుల్ రోలర్ సెట్ వేయండి, సంప్ దించి జల్లెడ కడగండి.

టైమింగ్ గురించి ఇంకొక మాట. 1976 బండిలో హెచ్‌ఈఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటుంది, దాన్ని మార్చే పని లేదు. నిప్పు పడే క్షణాన్ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా మాత్రం చిల్లు పడి ఉంటుంది చాలాసార్లు. నోటితో పీల్చి పట్టి ఉంచితే తెలిసిపోతుంది. అది పని చేయకపోతే నిప్పు ఆలస్యంగా అంటుకుని, మంట సిలిండర్లో ముగియకుండా మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట కలిపే పోత ఇనుప గొట్టం) లోకి వస్తుంది. మానిఫోల్డ్ ఎర్రబడి పగలడానికి ఇదొక పెద్ద కారణం. వాక్యూమ్ గొట్టం తీసి, 3,000 చుట్ల దగ్గర మొత్తం అడ్వాన్స్ 32-34 డిగ్రీలు ఉందో చూడండి. బేస్ సెట్టింగ్ మాత్రం బండి మీది లేబుల్ ప్రకారమే ఉంచండి.

మీ టక్‌టక్ శబ్దం, ఆ మొరాయింపు

చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కితే తగ్గే టక్‌టక్ దాదాపు ఎప్పుడూ మానిఫోల్డ్ లీకే. ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది, అందుకే తగ్గుతుంది. ఒకటో రెండో బోల్టులు తెగి ఉండొచ్చు, మానిఫోల్డ్ వంగి ఉండొచ్చు, పగిలి ఉండొచ్చు.

వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోవడానికి మొదటి అనుమానితుడు హీట్ రైజర్ వాల్వ్. ఒకవైపు మానిఫోల్డ్ దిగువన, పైపు కలిసే చోట ఉండే రేకు తలుపు ఇది. కొన్నింటిలో స్ప్రింగుతో, కొన్నింటిలో వాక్యూమ్‌తో పని చేస్తుంది. చలిలో మూసుకుని, ఆ వైపు పొగను ఇంటేక్ మానిఫోల్డ్ అడుగున ఉన్న దారిలోంచి అవతలి వైపుకు పంపి కార్బురేటర్‌ను వెచ్చబరచడం దాని పని. తుప్పు పట్టి మూసుకున్న స్థితిలోనే బిగుసుకుపోతే ఎత్తు ఎక్కినంతసేపూ నాలుగు సిలిండర్ల పొగ కార్బురేటర్ కిందినుంచే పోతుంది. బండి ఆపగానే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరిగి ఇంటేక్‌లోకి కారుతుంది. పైగా సగం ఇంజన్‌కు ఊపిరి ఆడదు కాబట్టి లాగుడు ఉండదు. అంటే ఎత్తు మీద వేగం పడడం, వేడెక్కడం, స్టార్ట్ కాకపోవడం, ఈ మూడు ఫిర్యాదులకూ ఈ ఒక్క తలుపే కారణం అయ్యుండొచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు దాని కడ్డీని చేత్తో తిప్పి చూడండి, సులువుగా ఆడాలి. వేడెక్కాక తెరుచుకోవాలి.

అడ్డంకి ఇంకెక్కడైనా ఉందా అన్నది వాక్యూమ్ గేజ్ చెబుతుంది. ఐడిల్‌లో 17-21 అంగుళాలు మామూలు. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక అంగుళం తగ్గించుకోండి. 2,500 చుట్ల దగ్గర నిలకడగా పట్టి ఉంచితే ముల్లు మెల్లగా కిందికి జారుతూ పోతుంటే గొట్టం మూసుకుపోయినట్టు. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే మానిఫోల్డ్ తర్వాత పైపుకు లోపల మర ఉన్న ఒక గింజ (నట్టు) వెల్డింగ్ చేయించి 0-15 పీఎస్‌ఐ గేజ్ పెట్టి ఎత్తు మీద నడపండి. 3 పీఎస్‌ఐ దాటితే సైలెన్సర్ లోపల విరిగి అడ్డం పడిందనో, రెండు పొరల పైపులో లోపలి పొర కూలిందనో అనుకోవచ్చు. బయటినుంచి పైపు కొత్తదానిలా కనిపిస్తూనే ఉంటుంది. ఆ గింజ వృథా పోదు, తర్వాత ఆక్సిజన్ సెన్సర్ పెట్టుకోవడానికి పనికొస్తుంది.

హెడర్లా, పోత మానిఫోల్డా

ఈ ప్రశ్నకు మా జవాబు స్పష్టం: మీ ఇంజన్‌కు పోత ఇనుము మానిఫోల్డే మంచిది. హెడర్ల లాభం పై చుట్లలో కనిపిస్తుంది, మీ ఇంజన్ బతికేది 2,000-3,000 మధ్య. ఇక నష్టాలు. హెడర్ గొట్టం పలచన, వేడిని చుట్టూ వెదజల్లుతుంది. ఈ బండిలో ముందు చక్రాలకు శక్తి పోతుంది కాబట్టి ఇంజన్ పక్కనే యాక్సిళ్ళు, వాటి రబ్బరు బూట్లు, స్టార్టర్, టోర్షన్ బార్లు ఇరుక్కుని ఉంటాయి. ఇంజన్ పైకప్పు అంటే మీ కాళ్ళ కింది నేలే. బూటు కాలి గ్రీజు బయటికొస్తే జాయింటు పోతుంది. స్టార్టర్ వేడికి వేడి స్టార్టింగ్ ఇంకా కష్టమవుతుంది. ఆరేడు వేల మైళ్ళకే ప్యాకింగ్ పోయి మళ్ళీ టక్‌టక్ మొదలయ్యే హెడర్లు తక్కువేం కాదు.

మంచి మానిఫోల్డ్ దొరక్క హెడర్లే తప్పనిసరి అయితే, గొట్టం మందం 14 లేదా 16 గేజ్, ఫ్లాంజ్ 3/8 అంగుళం, ఒక్కో గొట్టం వ్యాసం 1⅝ నుంచి 1¾ అంగుళాలు, లోపలా బయటా సిరామిక్ పూత ఉన్నవి చూడండి. గుడ్డ చుట్టడం వద్దు. మామూలు ఉక్కు మీద అది తేమను పట్టి ఉంచి గొట్టాన్ని తినేస్తుంది.

మానిఫోల్డ్ బాగుచేసే పద్ధతి ఇది. బోల్టులు విప్పే ముందు రెండు మూడు రోజులు తుప్పు వదిలించే నూనె పట్టించండి. మొండికేస్తే బలం వాడొద్దు. బోల్టు చుట్టూ ఉన్న సిలిండర్ హెడ్‌ను ఎర్రగా కాల్చి, కొవ్వొత్తి మైనం తాకించి, ముందుకూ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించండి. తెగిపోయి కొంచెం మిగిలితే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, చల్లారేలోపు తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది. విప్పిన మానిఫోల్డ్ మీద తిన్నని పట్టీ పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) దూర్చండి. 0.010 అంగుళం దూరిందంటే మిషన్ మీద చదును చేయించాలి. రెండు చివర్లూ ఒకే తలంలో ఉండేలా ఒకే బిగింపులో కోయించండి, విడివిడిగా కాదు. పగుళ్ళకు పైపైన మామూలు వెల్డింగ్ పెడితే నిలవదు. పోత ఇనుమును ముందు పూర్తిగా కాల్చి, నికెల్ కడ్డీతో అతికి, బూడిదలోనో ఇసుకలోనో నెమ్మదిగా చల్లార్చాలి. బిగించేటప్పుడు మధ్య నుంచి చివర్లకు, మాన్యువల్ చెప్పిన బిగువుకు. మొదటి రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించాలి. ఈ చివరి మెట్టు మరిచిపోవడం వల్లే ఎక్కువ లీకులు తిరిగొస్తాయి.

ఇంటేక్ కింది పొగ దారిని స్టీలు రేకు ఉన్న ప్యాకింగ్‌తో మూసేస్తే కార్బురేటర్ చల్లగా ఉంటుందని చాలామంది చెబుతారు. నిజమే. కానీ వెచ్చదనం రాక చోక్ తెరుచుకోదు కాబట్టి ఎలక్ట్రిక్ చోక్ వేయాలి. కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వుకు పొగ వచ్చేది కూడా ఆ దారినుంచే. అది ఆగితే చదును రోడ్డు మీద నాకింగ్ పెరుగుతుంది, మీ రాష్ట్రంలో పొగ పరీక్ష కూడా పోతుంది. అందుకే మీరు ఆ జోలికి పోకండి. తలుపు బాగుచేస్తే చాలు.

పైపులు

రెండు 3 అంగుళాల పైపులు మీకు అక్కర్లేదు. వర్క్‌షాపుల్లో వాడే మోటు లెక్క ఒకటుంది: ప్రతి హార్స్‌పవర్‌కు నిమిషానికి 2.2 ఘనపుటడుగుల ప్రవాహం, పైపు అడ్డకోతలో ప్రతి చదరపు అంగుళానికి 115 ఘనపుటడుగులు. 300 హార్స్‌పవర్ అనుకున్నా 660 వస్తుంది, అంటే 5.7 చదరపు అంగుళాలు. ఒక్క 3 అంగుళాల పైపులో 6.4కు పైనే ఉంటుంది. కాబట్టి ఒక్కో మానిఫోల్డ్ నుంచి 2½ అంగుళాలు, 30 డిగ్రీలకు మించని కోణంలో కలిసే వై ఆకారపు జోడింపు, అక్కణ్ణుంచి వెనక దాకా ఒకే 3 అంగుళాల గొట్టం. వంపులు మాండ్రెల్ (గొట్టం లోపల పెట్టే అచ్చు) మీద తిప్పినవై ఉండాలి. నొక్కి వంచిన చోట 3 అంగుళాల పైపు 2½ అయిపోతుంది, మీరు చెల్లించేది మాత్రం మూడుకే.

రెండు పైపుల వల్ల ఇంకో చిక్కు ఉంది, అది బండి లోపల కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. 60 మైళ్ళ దగ్గర మీ ఇంజన్ సుమారు 2,150 చుట్లు తిరుగుతుంది. రెండు వైపులూ ఒకే గొట్టంలో కలిస్తే సెకనుకు 143 పేలుళ్ళు, విడిగా ఉంటే ఒక్కో గొట్టంలో 72. అంత బరువైన గుమ్మనే మోతకు పెట్టెలాంటి ఆ బాడీ మొత్తం పలుకుతుంది. ఒక్క గొట్టంలో 143 దగ్గర మిగిలిన మోతను తగ్గించడం తేలిక: పొడవాటి పెద్ద సైలెన్సర్, అదీ చాలకపోతే పక్కకు చివర మూసిన కొమ్మ గొట్టం ఒకటి. సైలెన్సర్ వెనక పొగ 350 డిగ్రీల సెల్సియస్ ఉంటుందనుకుంటే దాని పొడవు దాదాపు 87 సెంటీమీటర్లు రావాలి. వేడిని బట్టి మారుతుంది కాబట్టి కొంచెం పొడవుగా చేసి, విని, కోసుకుంటూ రావాలి.

వ్యాకోచం మర్చిపోకండి. 6 మీటర్ల మామూలు ఉక్కు గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే సుమారు 29 మిల్లీమీటర్లు సాగుతుంది. 304 స్టెయిన్‌లెస్ అయితే 40. ముందూ వెనకా గట్టిగా బిగించేస్తే ఆ సాగుడంతా మానిఫోల్డ్‌ను తోస్తుంది, మళ్ళీ పగులు. వై తర్వాత లోపలి కవచం ఉన్న బెల్లోస్ (ముడతల గొట్టం) ఒకటి పెట్టి, అక్కణ్ణుంచి రబ్బరు వేలాడింపులే వాడండి. అల్యూమినియం పూత ఉక్కు గానీ 409 స్టెయిన్‌లెస్ గానీ మీ వాడకానికి సరిపోతుంది. మెరుపు కోసం 304కు పోతే ఆ అదనపు సాగుడుకు చోటివ్వాలి.

పెట్రోలు గొట్టాలు, ట్యాంకులు, బ్రేకు గొట్టాలు, వెనక సస్పెన్షన్ గాలి బెలూన్ల నుంచి పైపు కనీసం 6 అంగుళాలు దూరం ఉండాలి. కుదరని చోట అల్యూమినియం రేకు కవచం, పైపుకూ రేకుకూ మధ్య అంగుళం గాలి సందు. తోక పైపు బాడీ అంచు దాటి బయటికి రావాలి. కురచగా కోసేస్తే వెనక ఏర్పడే తక్కువ పీడనం పొగను కిటికీలోంచి లోపలికి లాగుతుంది.

పెట్రోలు, క్యామ్, గేర్లు

హీట్ రైజర్ సరిచేసినా మొరాయింపు మిగిలితే అది గొట్టాల్లో ఆవిరి. ట్యాంకులు దూరంగా, పంపు వేడి ఇంజన్ మీద. అంత దూరం పీల్చేటప్పుడే పెట్రోలు మరుగుతుంది. ట్యాంకుల దగ్గరే ఎలక్ట్రిక్ పంపు పెట్టి ముందుకు తోయిస్తే సమస్య పోతుంది. ఆయిల్ ప్రెషర్ పడితే ఆగిపోయే స్విచ్ దానికి తప్పనిసరి. పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చేయండి, నేటి ఇథనాల్ పెట్రోలుకు అవి లోపలినుంచి మెత్తబడతాయి. క్వాడ్రజెట్ కార్బురేటర్ మంచిదే, తీసేయొద్దు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి, ఇంజన్ ఆపి ఉండగా, వెనక పెద్ద ద్వారాలు నిజంగా నిటారుగా తెరుచుకుంటున్నాయో చూడండి. లింకు వంగి, చోక్ తాళం పడి అవి ఏళ్ళ తరబడి తెరుచుకోని బండ్లుంటాయి. ఎత్తు మీద గాలి-పెట్రోలు నిష్పత్తి 12.5-12.8 ఉండాలి. 14 దాటితే వాల్వులు కాలుతాయి. లీకున్న మానిఫోల్డ్‌తో ఈ కొలత తీయకండి, బయటి గాలి కలిసి తప్పు చూపిస్తుంది.

పెద్ద క్యామ్ మీకు శత్రువు. అది కింది చుట్ల లాగుడును తీసి పైకి ఇస్తుంది. ఓవర్‌హాల్ చేసినప్పుడు మార్చాల్సి వస్తే 0.050 అంగుళాల ఎత్తు దగ్గర దాని వ్యవధి (వాల్వు తెరిచి ఉండే కోణం) 204-214 డిగ్రీలు దాటొద్దు. ఓల్డ్స్ రాకర్లకు (వాల్వులను నొక్కే మీటలు) సర్దుబాటు ఉండదు, కాబట్టి హెడ్ చెక్కించినా క్యామ్ మార్చినా పుష్‌రాడ్ పొడవు కొలిచి తీరాలి. లిఫ్టర్ (క్యామ్ మీద ఆనే భాగం) నొక్కు 0.020-0.060 అంగుళాల మధ్య రావాలి. కొత్త క్యామ్‌కు కొత్త లిఫ్టర్లు, జింక్ ఎక్కువున్న ఆయిల్, స్టార్టయిన క్షణం నుంచి 20 నిమిషాలు 2,000-2,500 చుట్లు. ఐడిల్‌లో వదిలితే కొత్త క్యామ్ ఆ పూటే అరిగిపోతుంది. ఎత్తయిన ఇంటేక్ సంగతికొస్తే, నేల మూతకు తగులుతుందో లేదో కొలవకుండా కొనేవాళ్ళే ఎక్కువ.

అన్నీ సరిచేశాక కూడా ఎక్కుడు చాలదనిపిస్తే డబ్బు పెట్టాల్సింది క్రౌన్ మీద. 3.07 తీసి 3.70 వేస్తే చక్రాల దగ్గర లాగుడు ప్రతి గేరులో 20 శాతం పెరుగుతుంది. ఏ క్యామూ అంత ఇవ్వదు. బదులుగా 60 దగ్గర చుట్లు 2,600 అవుతాయి. స్పీడోమీటర్‌ను జీపీఎస్‌తో సరిచూసుకోవాలి. 3.42 మధ్యేమార్గం. దానికి ముందు ఫ్యాన్ క్లచ్ చూడండి: వేడెక్కినప్పుడు హోరు వినిపించకపోతే అది పోయింది. రేడియేటర్ చుట్టూ ఊడిపోయిన రబ్బరు పట్టీలు కూడా తిరిగి పెట్టండి.

ఎల్ఎస్ పెడితే గేర్‌బాక్సు, మౌంట్లు, వైరింగ్, పొగ దారి అన్నీ కొత్తగా కట్టాలి. బాగున్న 455 ఉండగా అది రెండు మూడు బండ్ల పని. మీ బ్లాకు నిజంగా పోతే, అదే గేర్‌బాక్సు మీద కూర్చునే క్యాడిలాక్ 500 గురించి ఆలోచించొచ్చు.

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి పెట్రోలు బండ్లకు స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు. మీది 1976, కాబట్టి ఉంది. ఒక్క ఏడాది తేడాతో హెడర్లు, ఇంటేక్ లాంటివాటికి రాష్ట్ర అనుమతిని చూపే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు కావాల్సి వస్తుంది. ఉద్గారాల లేబుల్ మీద రాసిన ప్రతి భాగం బండిలో ఉండి పని చేయాలి. ఇంజన్ మార్పు అయితే స్మాగ్ చెక్ రెఫరీ (అధికారిక పరీక్షకుడు) దగ్గరికి వెళ్ళక తప్పదు. పని మొదలుపెట్టక ముందే వెళ్ళి అడగండి.

పని ముగిశాక, ఇంజన్ మూత బిగించక ముందు, తోక పైపులోంచి పొగ మిషన్‌తో పొగ ఊది ప్రతి అతుకూ చూడండి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా, స్టీరింగ్ కడ్డీ దూరిన చోటు, వైర్ల రంధ్రాలు, నేల మూత అంచులు, ఇవన్నీ కార్బన్ మోనాక్సైడ్ మీటరుతో వెతకండి. మామూలు అలారం 70 పీపీఎం దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పడుతుంది. అందుకే తక్కువ అంకెలు కూడా చూపించే మీటరు ఒకటి పడక దగ్గర, ఒకటి డ్రైవరు దగ్గర ఉంచండి. మొదటి 500 మైళ్ళ తర్వాత మానిఫోల్డ్ బోల్టులు, వేలాడింపులు మరోసారి చూసి, ఈ వెతుకులాట మళ్ళీ చేయండి.